పది చింతగింజల సేపు

ఆ సోమవారం పొద్దున ఎనిమిదింటికే నేను బడిలో ఉన్నాను. ఏడో తరగతి గదిలో బల్ల మీద టేప్ రికార్డరు పెట్టి, తీగ గోడ ప్లగ్గుకు తగిలించి, కొత్త రీలు ఎక్కించి, మైకును పెద్ద టీచరమ్మ నిలబడే చోటు వైపు తిప్పి పెట్టాను. బడి గంటకు ముందే వస్తానని ఆమే చెప్పారు. చెప్పిన వేళకు ఆమె రాకపోవడం అంతవరకు ఎవరూ చూడలేదు. అందుకే ఎనిమిదింబావు దాటాక నాకు కోపం వచ్చింది గానీ అనుమానం రాలేదు. అంతలో మా అటెండరు తాత గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు, గంట కొట్టడానికీ పోలేదు.

"సారూ, పెద్ద టీచరమ్మ పానం పోయిందట."

నేను ఆయన్ని కసురుకున్నాను. "ఏం మాట్లాడుతున్నవ్ తాతా? నిన్న పొద్దుమీకి బజార్ల నాకు వంకాయలు ఏరిచ్చింది."

"పొద్దుగాల చాయ పెట్టుకుంట పడిపోయిందట సారూ. దవాఖానకు తీస్కపోయేటాళ్లకే అయిపోయిందన్నరు."

ఆ మాట విన్నాక నేను మొదట చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. వంగి మైకును ఇంకాస్త సరిచేశాను. ఆమె కొంచెం పొట్టి మనిషి, మైకు ఎత్తుగా ఉందేమో అనిపించింది. ఆ తర్వాత కుర్చీలో కూర్చున్నాను. తాత ఏదో అడుగుతున్నాడు, బడికి సెలవా అనో, పిల్లల్ని పంపించాలా అనో. నాకు ఒక్క ముక్కా చెవికెక్కలేదు. వంకాయలు ఇంట్లో గంపలో ఉన్నాయి, ఇంకా కూర కూడా వండలేదు, ఇంతలో మనిషి ఎలా పోతుంది అని మాత్రం పదేపదే అనుకున్నాను.

ఇది జరిగి ఇరవై రోజులైంది. ఇప్పటికీ స్టాఫ్ రూములో కిటికీ పక్క కుర్చీలో ఎవరైనా కూర్చుంటే, "అది టీచరమ్మది" అని లేపేస్తున్నాను. మొన్న తనిఖీకి వచ్చిన పెద్దమనిషిని కూడా అలాగే లేపాను.

ఆమెతో నాకు చుట్టరికమేమీ లేదు. నేను అల్లాదుర్గ్ దగ్గరి రైతు కుటుంబంలో పుట్టినవాణ్ణి. ఆమె ఈ మెదక్‌లోనే, చర్చి కాంపౌండు వెనక ఇళ్లలో పుట్టి పెరిగారు. వాళ్ల నాయిన చర్చికి రాళ్లు చెక్కిన మేస్త్రీ. ఆమె పెళ్లి చేసుకోలేదు. మా బడిలో సైన్సు చెప్పేవారు, ఆదివారాలు చర్చిలో పాటలు పాడేవారు. రిటైరు కావడానికి ఏడాది కూడా లేదు. ఊరంతా పెద్ద టీచరమ్మ అనేది, నేనూ అలాగే పిలిచాను. నన్ను ఆమె స్టాఫ్ రూములో "తమ్మీ" అనేవారు, పిల్లల ముందు మాత్రం తప్పకుండా "సారూ" అని, మీరు అని.

పిల్లలు నాకు పెట్టిన పేరు వేరు. "రేడియో సారు." నేను బడి రేడియోకు కాపలాదారునని అనుకుని చాలా రోజులు మురిసిపోయాను. ఒకసారి వేస్తే ఆగకుండా మాట్లాడతానని వాళ్ల ఉద్దేశమని ఆమే చెప్పారు, కళ్లలో నీళ్లు వచ్చేంతగా నవ్వుతూ.

నేను ట్రైనింగు ముగించుకుని కొత్తగా వచ్చిన వారంలో ఆమె పాఠం చూడమని హెడ్మాస్టరు నన్ను వెనక బెంచీలో కూర్చోబెట్టారు. ఆమె ఒక ప్రశ్న అడిగారు. ముందు వరసలో నాలుగు చేతులు లేవబోయి ఎందుకో ఆగిపోయాయి. ఆమె బల్ల మీదున్న దగ్గుబిళ్లల డబ్బా మూత తీసి, అందులోని చింతగింజల్ని కుడి అరచేతిలోకి ఒంపుకున్నారు. ఒక్కొక్క గింజను తిరిగి ఖాళీ డబ్బాలో వేయడం మొదలుపెట్టారు. టిక్. కాసేపాగి మళ్లీ టిక్. పదీ పడేదాకా ఎవరూ చెయ్యెత్తకూడదు, నోరు తెరవకూడదు. అదీ ఆ తరగతి కట్టుబాటు. నాకు ఒళ్లు మండిపోయింది. ప్రశ్నకు పది గింజల చొప్పున పోతే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది? క్లాసు అయ్యాక అదే అడిగేశాను.

"ప్రశ్న ఎడ్లబండి లెక్క తమ్మీ," అన్నారామె డబ్బా మూత పెడుతూ. "ముందు బెంచీ దాంక జల్ది పోతది. ఎనక బెంచీకి పోనీకె జర టైం పడతది. బండి పోకముందే జవాబు చెప్పుమంటె వాళ్లేం చెప్తరు?"

నేను ఒప్పుకోలేదు. నాకు వయసులో ఉన్న పొగరుతో పాటు ట్రైనింగు సర్టిఫికెట్ ఉంది.

ఆమె ఆ గింజల్ని ఎక్కడినుంచి పట్టుకొచ్చారో చాలా కాలం తర్వాత చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో శివ్వంపేటలో పని చేస్తున్నప్పుడు, ఒక పిల్లను నిలబెట్టి ప్రశ్న అడిగారట. పిల్ల నోరు తెరిచింది గానీ మాట రాలేదు. "ఏం రాదు నీకు, కూసో" అన్నారట ఈమె. ఆ పిల్ల మర్నాటి నుంచి బడికి రాలేదు. చాలా ఏళ్లకు మెదక్ బస్టాండులో సీతాఫలాలు అమ్ముతున్న ఒకామె ఈమెను గుర్తుపట్టి, పండ్లు తూచుతూ తూచుతూ, "టీచరమ్మా, ఆకు పచ్చగెందుకుంటదని అడిగితివి గదా" అని మొదలుపెట్టి జవాబంతా సరిగ్గా చెప్పిందట.

"గా జవాబును అన్నేండ్లు నోట్లెనే పెట్టుకున్నది తమ్మీ. నేను జర సేపు ఆగుంటే ఆ దినమే చెప్పేది," అన్నారు. ఆ రోజు సీతాఫలాలు తిన్నాక గింజలు దాచుకుందామనుకున్నారట, అవి మరీ చిన్నవి, చప్పుడు రాదట. అందుకని చింతగింజలు. చెప్పినంతసేపూ నవ్వుతూనే చెప్పారు.

ఇదంతా విని ఆమెకు యంత్రాలంటే పడదనుకుంటారేమో. మా బడికి రేడియో వచ్చిన రోజు స్టూలు మీదెక్కి ఏరియల్ తీగ కట్టింది ఆమే. కింద స్టూలు పట్టుకున్నది నేను. పాత అద్దం ముక్కను కిటికీలో నిలబెట్టి ఎండను గోడ మీదికి మళ్లించి, వేళ్ల నీడలతో వెలుతురు పాఠం చెప్పేవారు. ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు విప్పి చూసేది ఆమే. హైదరాబాదు నుంచి బడిపిల్లల కోసం పాఠాలు ప్రసారమవుతుంటే నాకు చాలా సంబరంగా ఉండేది. ఒకరోజు పిల్లల్ని రేడియో ముందు కూర్చోబెట్టి నేను చాయ తాగడానికి పోయాను. తిరిగొచ్చేసరికి ప్రసారం అయిపోయింది, ఆమె నా క్లాసు గుమ్మంలో ఉన్నారు. ఏం విన్నారో చెప్పండని పిల్లల్ని అడిగాను. ఒకడు లేచి, పాఠం చెప్పిన పెద్దమనిషి మధ్యలో ఎలా దగ్గాడో అచ్చం అలాగే దగ్గి చూపించాడు. క్లాసంతా గొల్లుమంది. మిగతాది ఎవరికీ గుర్తు లేదు.

ఆమె తర్వాత వారం నుంచి ప్రసారానికి ముందే నా క్లాసుకు వచ్చి, "ఇయ్యాల రేడియోను మనమేం అడుగుదాం?" అని పిల్లలతో నల్లబల్ల మీద నాలుగు ప్రశ్నలు రాయించేవారు. ప్రసారమయ్యాక రేడియో ఆపి, డబ్బా తీసి గింజలు. అప్పుడు గానీ చేతులు లేవవు. ఏ ప్రశ్నకు జవాబు దొరికిందో, దేనికి దొరకలేదో పిల్లలే చెప్పేవారు. చివర్లో నావైపు తిరిగి ఒక ప్రశ్న వేసేవారు. "సారూ, మీరు చెప్పుండ్రి. ఇయ్యాల మీరేం నేర్చుకున్నరు?" నేను ప్రతిసారీ నవ్వి తప్పించుకునేవాణ్ణి. పిల్లలకు అది పెద్ద వేడుక.

"రేడియో మస్తు మంచిగ చెప్తది తమ్మీ. గని వినది," అనేవారు. "వినేది మన పని."

ఇక టేప్ రికార్డరు సంగతి. అదే నన్ను ఇరవై రోజులుగా తినేస్తున్నది.

హైదరాబాదులో నేను చదివిన ట్రైనింగు కాలేజీలో తెలిసినాయన ఉన్నాడు. పెద్ద టీచరమ్మ రిటైరయ్యేలోగా ఆమె పాఠం ఒకటి టేపు మీద పట్టి ఇస్తే, కొత్తగా వచ్చే పంతుళ్లకు వినిపిస్తామని, నెల రోజులకు యంత్రం ఇచ్చాడు. దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఆమె మొదట వద్దన్నారు, తర్వాత యంత్రాన్ని చుట్టూ తిరిగి చూశారు, తర్వాత సరేనన్నారు. ఏడో తరగతి, కుండ పాఠం. ఎండాకాలం కుండలో నీళ్లు చల్లగా ఎందుకుంటాయన్నది విషయం.

నేను మీటల దగ్గర కూర్చున్నాను. ఆమె ప్రశ్న అడుగుతారు, గింజలు తీస్తారు. రీలు ఊరికే తిరిగిపోతుంటే నాకు ప్రాణం ఒప్పలేదు. మీట నొక్కి ఆపేశాను. పిల్లల జవాబులు మైకుకు దూరంగా గుసగుసల్లా ఉన్నాయి, వాటికీ ఆపేశాను. ఆమె గొంతు మొదలైతే వేయడం, ఆగితే ఆపడం. ఎంత నేర్పుగా చేస్తున్నానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ పాఠంలోనే యాదమ్మ మాట్లాడింది. యాదమ్మ ఎల్దుర్తి వైపు పిల్ల, వాళ్ల నాయిన కుండలు చేస్తాడు. ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటున్నది. బడిలో చేరినప్పటి నుంచి ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆ రోజు పదో గింజ పడ్డాక తనే లేచి నిలబడింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ముందు వరస ఇక ఆగలేక చేతులు ఎత్తబోయింది. పెద్ద టీచరమ్మ కళ్లతోనే వాళ్లను ఆపి, డబ్బాలోని గింజలన్నీ మళ్లీ అరచేతిలోకి ఒంపుకుని, మొదటి నుంచి వేయడం మొదలుపెట్టారు. ఆమె అలా చేయడం నేను అంతకు ముందు చూడలేదు. ఎనిమిదో గింజకు యాదమ్మ అన్నది, "కుండకు చెమట పడతది టీచర్. చెమట ఆరితె సల్లగైతది."

పెద్ద టీచరమ్మ ముఖం చూడాలి అప్పుడు. సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా "కుండకు చెమట" అని రాసి, పక్కన యాదమ్మ పేరు రాశారు. అంతసేపూ నా యంత్రం ఆగే ఉంది.

సాయంత్రం స్టాఫ్ రూములో వినిపించాను. మొత్తం పాఠాన్ని పదకొండు నిమిషాలకు తెచ్చానని ముందే గొప్పగా చెప్పాను కూడా. ఆమె చెయ్యి గడ్డం కింద పెట్టుకుని విన్నారు. యంత్రంలోంచి ఆమె గొంతు ప్రశ్న మీద ప్రశ్న అడుగుతూనే ఉంది. కుండల నీళ్లెందుకు సల్లగుంటయి? గాజు సీసల నీళ్లెందుకు గట్ల ఉండయి? తడిబట్ట కట్టుకుంటె ఒళ్లెందుకు సల్లబడతది? ఊపిరి తీసుకునే సందు కూడా లేదు.

"ఎవలు తమ్మీ గీమె?" అన్నారు అయిపోయాక. "గింత తొందరేంది గీమెకు? పిల్లలు లేరా గా క్లాసుల?"

నేను నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు.

"యాదమ్మ యేది?"

రీలు ఖాళీగా తిప్పలేకపోయానని చెప్పాను.

"ఖాళీ గాదు తమ్మీ. గదే పాఠం. నువ్వు గదొక్కటి ఇడిచిపెట్టి కడమదంత పట్టినవ్."

నాకు రోషం వచ్చింది. ఎండలో బస్సులో మోసుకొచ్చినవాణ్ణి నేను, మెచ్చుకోవలసింది పోయి తప్పు పడతారా అని. "అయితే మీరే పట్టుకోండ్రి" అనేశాను. ఆ మాట అన్నది నేనే. మూడు రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. ఆదివారం సాయంత్రం కూరగాయల బజారులో ఎదురుపడ్డారు. నేను ఏరిన వంకాయల్లో సగం తీసి పక్కన పడేసి, తనే మంచివి ఏరి నా సంచిలో వేశారు.

"రేపు మల్ల పడదాం తమ్మీ. బడి గంటకు ముందుగాలనే వస్త. అన్ని సరిజేసి పెట్టు. ఈ తాప మీట మీద చెయ్యి పెట్టకు, చేతులు కట్టుకుని కూసో."

సరేనన్నాను. ఆమెతో నేను అన్న చివరి మాట అదే. క్షమించండి అని కూడా అనలేదు. ఎందుకంటే మర్నాడు ఉంది కదా.

చర్చిలో ఆ మధ్యాహ్నం ఎంత మంది ఉన్నారో నాకు తెలియదు. ముందు రోజు ఆమె పాడిన చోట ఆమె పెట్టె ఉంది. మా పిల్లలు యూనిఫారాల్లోనే వచ్చి వరసల్లో నిలబడ్డారు. ఎవరూ ఏడవడం లేదు. వాళ్లకూ నాకులాగే ఇంకా అర్థం కాలేదనుకుంటాను. సమాధి మీద మట్టి వేసేటప్పుడు నా చేతికి మట్టి అందించిన అటెండరు తాత, "ఇగ గంట కొట్టబుద్ధి కాదు సారూ" అని ఒక్క మాట అన్నాడు.

మరునాడు హెడ్మాస్టరు పిలిచారు. "ఆమె గొంతు నీ దగ్గర ఉన్నదట గదా. పిల్లలకు వినిపియ్యి. జర ధైర్యమొస్తది." నేను వద్దన్నాను. అది ఆమె కాదు సార్ అని ఎలా చెప్పను? లోకంలో ఆమెదంటూ మిగిలిన గొంతు అదొక్కటే, అందులో ఆమె లేరు. నేను కోసేశాను. దాన్ని కాలేజీకి పంపిస్తే, రేపు కొత్త పంతుళ్లు విని, ఓహో పెద్ద టీచరమ్మ అంటే ప్రశ్నల వాన కురిపించే మనిషి అనుకుంటారు. చెరిపేద్దామని రెండుసార్లు యంత్రం ముందు కూర్చున్నాను. రెండుసార్లూ లేచిపోయాను. చెరిపేస్తే అది కూడా ఉండదు.

యంత్రం తిరిగి ఇవ్వాల్సిన గడువు దగ్గర పడింది. నిన్న హెడ్మాస్టరు మళ్లీ అడిగారు. ఇక తప్పక, మధ్యాహ్నం ఏడో తరగతికి తీసుకెళ్లి బల్ల మీద పెట్టి మీట నొక్కాను.

"కుండల నీళ్లెందుకు సల్లగుంటయి?" అన్నది ఆమె గొంతు. పిల్లలు ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు. వెంటనే రెండో ప్రశ్న వచ్చింది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడో ప్రశ్న మొదలవబోతుండగా వెనక బెంచీ నుంచి ఎవరో లేచారు.

"సార్, జర ఆపుండ్రి."

యాదమ్మ. నేను ఆపాను.

"మల్ల మొదటికెంచి పెట్టుండ్రి సార్."

రీలు వెనక్కి తిప్పి, మొదటి ప్రశ్న కాగానే ఆపాను. యాదమ్మ ముందుకు నడిచివచ్చి, బల్ల సొరుగు లాగి, దగ్గుబిళ్లల డబ్బా తీసింది. అది అక్కడే ఉందన్న సంగతి నాకు తట్టనే లేదు. గింజల్ని అరచేతిలోకి ఒంపుకుని ఒక్కొక్కటీ వేయడం మొదలుపెట్టింది. ఎవరూ చెయ్యెత్తలేదు. పదో గింజ పడ్డాక క్లాసంతా ఆ పిల్లవైపే చూసింది. "కుండకు చెమట పడతది," అన్నది యాదమ్మ, గట్టిగానే. తర్వాత నాకు చెప్పింది, "ఇప్పుడు పెట్టుండ్రి సార్."

పదకొండు నిమిషాల టేపు గంట దాకా నడిచింది. ప్రతి ప్రశ్నకూ యాదమ్మ తల ఊపుతుంది, నేను ఆపుతాను, గింజలు పడతాయి, ఎవరో ఒకరు లేస్తారు. టేపు పట్టిన రోజు ఒక్క మాటా అనని పిల్లలు కూడా ఇద్దరు ముగ్గురు లేచారు. నేను కోసేసిందంతా పిల్లలు ఎక్కడిదక్కడ తిరిగి పెడుతున్నారు. నా కళ్లకు నీళ్లు అడ్డం వచ్చి మీటలు సరిగా కనిపించడం లేదు. సిగ్గుపడలేదు.

చివరికి వచ్చాం. ఆ ప్రశ్న సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను.

"సారూ, మీరు చెప్పుండ్రి," అన్నది ఆమె గొంతు. అందులో నవ్వు ఉంది. "ఇయ్యాల మీరేం నేర్చుకున్నరు?"

ఆ రోజు నేను నవ్వుతూ మీట నొక్కడంలో ఆలస్యం చేసినట్టున్నాను. యంత్రంలోంచి టిక్ అని వినిపించింది. కాసేపాగి మళ్లీ టిక్. అక్కడ తెగిపోయింది.

నేను కదలలేదు. యాదమ్మ డబ్బాలోని గింజల్ని అరచేతిలోకి ఒంపుకుని, రెంటిని చప్పుడు కాకుండా లోపల పెట్టి, మూడోదాన్ని వేసింది. నాలుగోది వేసింది. చెప్పవలసిన మాట నాకు తెలుసు. ఆ పిల్లలందరి ముందూ చెప్పాలనే నోరు తెరిచాను. తొమ్మిదోది పడింది. పదోది పడింది. గొంతు పెగల్లేదు.

యాదమ్మ నావైపు చూసింది. "కూసోండ్రి సార్" అనలేదు. డబ్బాలోని గింజలన్నీ మళ్లీ అరచేతిలోకి ఒంపుకుని, మొదటిది వేసింది.